వాల్వుకు తగ్గ జోడు

ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టిన అక్కినేని లక్ష్మీవర ప్రసాదరావు సినిమా పిచ్చితో 1930లో బొంబాయి చేరాడు. మరుసటేడు మార్చిలో విడుదలైన ‘ఆలం ఆరా’లో చిన్న వేషం దొరికింది. తర్వాత ‘కాళిదాస్’, ఆపైన 1932 ఫిబ్రవరిలో ‘భక్త ప్రహ్లాద’. హిందీ, తమిళం, తెలుగు మూడు భాషల తొలి టాకీల్లోనూ ఉన్న నటుడు ఎల్వీ ప్రసాద్ అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మూడింటికీ గొంతునిచ్చిన గాజుబుడ్డిని మాత్రం ఎవరూ తలుచుకోరు. ఫిల్ము అంచున సన్నటి శబ్దరేఖ ఉంటుంది. దానిగుండా వచ్చిన వెలుతురు ఫోటోసెల్ మీద పడితే పుట్టే కరెంటు మైక్రో ఆంపియర్లలో కొలిచేంత. దాన్ని నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా వినబడేలా పెంచినది వాల్వు. అది లేకపోతే టాకీ లేదు.

ఆ వాల్వు సినిమా హాళ్లలోంచి, రేడియోల్లోంచి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. కానీ ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినేవాళ్ల బల్లల మీద మళ్లీ వెలుగుతోంది. అదీ ఖరీదైన సరుకుగా కాదు, మధ్యతరగతి కొనగల సరుకుగా. అభిమానులు ఇదంతా ‘తీపి ధ్వని’ మహిమ అంటారు. నన్నడిగితే మహిమ తక్కువ, లెక్క ఎక్కువ.

వాల్వు కథ ఎడిసన్ దగ్గర మొదలైంది. 1880లలో బల్బు లోపల మసి ఎందుకు పడుతోందో చూడబోయి, ఆయన గాజులోపల మరో లోహపు రేకు పెట్టాడు. కాలుతున్న ఫిలమెంటు నుంచి ఆ రేకుకు, మధ్యలో తీగ ఏమీ లేకుండానే, కరెంటు పారింది. పేటెంటు తీసుకుని అక్కడితో వదిలేశాడు. 1904లో లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ దాన్ని రేడియో సంకేతాలు పట్టే డయోడ్‌గా మలిచాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఫిలమెంటుకీ రేకుకీ నడుమ మూడో తీగ దూర్చాడు. అదే గ్రిడ్. తమాషా ఏమిటంటే తన బుడ్డి ఎందుకు పనిచేస్తోందో ఆయనకే సరిగా తెలియదు. లోపల కాస్త వాయువు ఉండి తీరాలనుకున్నాడు. గాలిని పూర్తిగా తోడేస్తేనే అది బుద్ధిగా నడుస్తుందని తేల్చింది కొన్నేళ్ల తర్వాత లాంగ్‌మ్యూర్, ఆర్నాల్డ్ వంటివాళ్లు.

గ్రిడ్ చేసే పని మన డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కాలవ మీద షట్టరు తిప్పడానికి ఒక మనిషి చెయ్యి చాలు. ఆ చెయ్యి కదిలినట్టల్లా ఎకరాలు తడిపే నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. గ్రిడ్ మీద పాట తాలూకు చిన్న వోల్టేజీ ఆడుతుంటే, రేకు వైపు పారే పెద్ద కరెంటు అదే లయలో ఆడుతుంది.

అయితే పుట్టుకతోనే దీనికి ఒక గుణం అబ్బింది. వోల్టులు ధారాళంగా ఇస్తుంది, కరెంటు దగ్గర మహా పిసినారి. ఇవాళ చాలా చవక ఆంప్లిఫయర్లలో కనబడే 12ఏయూ7 వాల్వునే తీసుకోండి. 250 వోల్టుల దగ్గర అందులో పారేది సుమారు 10 మిల్లీ ఆంపియర్లు. సెల్‌ఫోన్ చార్జరు 5 వోల్టుల దగ్గరే 2000 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. స్పీకరు 4 లేదా 8 ఓమ్‌లది. దానికి కావలసింది వోల్టులు కాదు, కరెంటు. అందుకే వాల్వుకీ స్పీకరుకీ మధ్య ఇనుప రేకుల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పలేదు. వాల్వు ఆంప్లిఫయర్‌లో బరువూ ఖరీదూ చాలావరకు దానివే. దాన్ని తప్పించుకోవాలని ఫిలిప్స్ కంపెనీ ఏకంగా 800 ఓమ్‌ల స్పీకర్లే తయారు చేసి చూసింది. అమెరికాలో జూలియస్ ఫటర్‌మన్ 1950లలో ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వు ఆంప్లిఫయర్‌కు పేటెంటు తీసుకున్నాడు. రెండూ స్పీకర్ల లోకంలో నిలదొక్కుకోలేదు.

హెడ్‌ఫోన్‌కు మాత్రం మొదట్లో ఈ పేచీ లేదు. 1910లో నథానియల్ బాల్డ్విన్ అనే అమెరికన్ తన వంటింట్లో కూర్చుని తయారు చేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొన్నది. ఆ తరం హెడ్‌ఫోన్లలో వెంట్రుకంత సన్నటి తీగ వేల చుట్లు ఉండేది. 2000 ఓమ్‌లు, కొన్నిటికి 4000. అలాంటిదాన్ని వాల్వు రేకుకు నేరుగా తగిలించినా పలికేది. 1924లో కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు ఎక్కువమంది రేడియో వినే పద్ధతి ఇదే: చెవులకు రెండు డిప్పలు, వాటిలో బోలెడు తీగ.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఊరవతల పడివున్న పాత రన్‌వే ఆ కాలం నాటిదే. ఆ రోజుల్లో ఏ ఏరోడ్రోములోనైనా నేల మీద మనిషికీ గాల్లో పైలట్‌కీ మాట కలిపింది వాల్వు సెట్టూ హెడ్‌ఫోనూ. రాడార్లకు, వైర్‌లెస్‌లకు వాల్వులు లక్షల్లో తయారై, యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అంగళ్లకెక్కాయి. చవక వాల్వు చరిత్రలో ఇది మొదటి మిగులు. రెండోదాని సంగతి ముందుంది.

మన వైపు వాల్వు వైభవం చూసింది రేడియోతో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ కేంద్రం ‘భక్తిరంజని’ని ఇంటింటికీ చేర్చిన బాలాంత్రపు రజనీకాంతరావు పుట్టింది తాడేపల్లిగూడేనికి దగ్గరలోని నిడదవోలులో. స్విచ్చి వేశాక అర నిమిషం దాకా రేడియో పలికేది కాదు. లోపల హీటర్లు ఎర్రబడాలి. కొల్లేటి లంకల్లా కరెంటు స్తంభం పడని ఊళ్లకు బ్యాటరీ వాల్వు సెట్లుండేవి. డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96 అనే నాలుగు వాల్వుల బృందం, 1.4 వోల్టులతో ఫిలమెంటు, 90 వోల్టుల దాకా పెద్ద డ్రై బ్యాటరీ. ఆ బ్యాటరీ ఖర్చుకు భయపడి వార్తలకూ పాటలకూ తప్ప రేడియో తిప్పని ఇళ్లుండేవి. ఊరి జాతరకీ పెళ్లికీ వచ్చే మైకుసెట్టులోనూ వాల్వులే. బెంగళూరులో 1954లో పుట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. మరుసటేడే అదే సంస్థ జెర్మేనియం సెమీకండక్టర్లు కూడా చేయసాగింది. అంటే మన దేశంలో వాల్వుకు పురుడు పోసిన ఇంట్లోనే, ఏడాది తేడాతో, దాని వారసుడూ పుట్టాడు.

ఆ వారసుడైన ట్రాన్సిస్టర్ గుణం తలకిందులు. తక్కువ వోల్టులు, ధారాళంగా కరెంటు, చల్లటి ఒళ్లు. నాలుగు టార్చి సెల్సుతో రేడియో పొలం గట్టెక్కింది. హెడ్‌ఫోన్లు కూడా దానికి తగ్గట్టు మారాయి. ఇవాళ తాడేపల్లిగూడెం నిట్ పిల్లల చెవుల్లో ఉండేవి 16, 32 ఓమ్‌లవి. ఫోన్‌లోని కొద్ది వోల్టులకే గట్టిగా మోగాలంటే అవే నయం.

అయినా పాత ఓమ్‌లు పూర్తిగా పోలేదు. జర్మనీ, ఆస్ట్రియా స్టూడియోల్లో ఒకే లైనుకు చాలా జతల హెడ్‌ఫోన్లు తగిలించేవారు. 600 ఓమ్‌లవి పది తగిలించినా లైను మీద పడే భారం 60 ఓమ్‌లే. 32 ఓమ్‌లవైతే 3 ఓమ్‌లకు దిగి ఆంప్లిఫయర్ చతికిలబడుతుంది. పైగా సన్న తీగతో చుట్టిన కాయిల్ తేలిగ్గా ఉంటుంది. సెన్‌హైజర్ 1968లో తెచ్చిన హెచ్‌డీ 414 ఏకంగా 2000 ఓమ్‌లది. ఆ వంశానివే 300 ఓమ్‌ల హెచ్‌డీ 600, హెచ్‌డీ 650. బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓమ్‌ల రకం ఉంది. వాల్వుకు తగ్గ జోడు అన్నాళ్లూ స్టూడియోల్లో కూర్చునే ఉందన్నమాట.

ఇక్కడ కథలోకి ఒక అనామక వాల్వు వస్తుంది: 6ఏఎస్7జీ. 1940లలో ఆర్‌సీఏ దీన్ని చేసింది సంగీతం కోసం కాదు, పవర్ సప్లైల్లో వోల్టేజీ నిలకడగా ఉంచడానికి. దీని పెంపు రెండు రెట్లే. సంగీతం వాళ్లు ముఖం తిప్పుకునే గుణం. కానీ దీన్ని కేథోడ్ ఫాలోయర్‌గా కడితే, అంటే పాటను రేకు నుంచి కాక, కరెంటు బయలుదేరే వేడి భాగమైన కేథోడ్ నుంచి తీసుకుంటే, అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే వాల్వు తనలో పెట్టుకునే అడ్డు, సుమారు 100, 120 ఓమ్‌లకు దిగుతుంది. వాల్వుల్లో ఇది చాలా తక్కువ.

ఇప్పుడు లెక్క వెయ్యండి. 120 ఓమ్‌ల వాల్వు ముందు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే వోల్టేజీలో 70 శాతం పైగా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. 32 ఓమ్‌లది పెడితే 21 శాతమే. మిగతాది వాల్వు లోపలే హరించుకుపోతుంది. హెచ్‌డీ 600 లాంటిది హాయిగా మోగడానికి ఒక మిల్లీవాట్ చాలు. అంటే అర వోల్టు పైచిలుకు, రెండు మిల్లీ ఆంపియర్ల లోపు. పిసినారి వాల్వు కూడా నవ్వుతూ ఇచ్చే మొత్తం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు కనుక బరువూ ధరా రెండూ తగ్గుతాయి. ఫటర్‌మన్ స్పీకర్లతో సాధించలేనిది హెడ్‌ఫోన్‌తో కుదిరింది.

మరి ఆ ‘తీపి’ మాటేమిటి? కొంత నిజమే. ట్రయోడ్, అంటే గ్రిడ్ ఉన్న ఈ మూడు భాగాల వాల్వు, చేసే వక్రీకరణలో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే అదే స్వరం పై స్థాయి. చెవికి అపశ్రుతిగా తగలదు. రెండో కారణం ఇంకా మామూలుది. 300 ఓమ్‌లని రాసినా హెచ్‌డీ 600 తరహా హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 ఓమ్‌ల పైకి లేస్తుంది. 120 ఓమ్‌ల వాల్వు వెనక ఉంటే అక్కడ బాస్ ఒక డెసిబెల్ పైచిలుకు పెరుగుతుంది. అదే ఘంటసాల గొంతు ‘నిండుగా’ వినబడటం. ఇందులో మోసమేమీ లేదు, కాకపోతే దేవరహస్యమూ లేదు.

చవక ఎక్కడి నుంచి వచ్చిందంటే, రెండో మిగులు నుంచి. 1976లో ఒక సోవియట్ పైలట్ మిగ్-25 వేసుకుని జపాన్‌కు పారిపోతే, విప్పి చూసిన అమెరికన్ నిపుణులకు రాడార్‌లో వాల్వులు కనబడ్డాయి. సోవియట్ దేశం అంతకాలం తర్వాత కూడా సైన్యం కోసం వాల్వులు పోస్తూనే ఉంది. సోవియట్ యూనియన్ కూలాక ఆ గిడ్డంగుల సరుకు ప్రపంచం మీద పడింది. 6ఏఎస్7జీకి జ్ఞాతి 6ఎన్13ఎస్, ఇంకా 6ఎన్6పీ, 6జే1పీ. అమెరికాలో బాటిల్‌హెడ్ సంస్థ వారి ‘క్రాక్’ కిట్టు 12ఏయూ7, 6080 జంటతో నడుస్తుంది. 6080 అంటే 6ఏఎస్7జీకి దృఢమైన తమ్ముడు. చైనా లిటిల్ డాట్, డార్క్‌వాయిస్ పెట్టెలు నిలబడింది ఇలాంటి వాల్వుల మీదే. మన భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర ఉన్న పాత వాల్వుల్ని కూడా విదేశాల్లో వెతుక్కుని కొంటున్నారు. ఏలూరులోనో భీమవరంలోనో పాత రేడియో మెకానిక్ అటక మీద అట్టపెట్టె ఉంటే, తూకానికి వెయ్యకముందు ఒకసారి దులిపి చూడటం మంచిది.

చవకలో నకిలీ కూడా ఉంది. కొన్ని పెట్టెల్లో వాల్వు అలంకారానికే. దాని అడుగున నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి వెలుగు చూపిస్తారు. అసలు హీటరు మసక ఎరుపులో, చిన్నగా వెలుగుతుంది. బుడ్డంతా దీపావళిలా ఉంటే అనుమానించండి. 24 వోల్టుల అడాప్టరుతో నడిచే సంకర జాతి పెట్టెల్లో వాల్వు ముందుంటే, హెడ్‌ఫోన్‌ను తోసేది వెనకున్న సెమీకండక్టర్. అవి చెడ్డవని కాదు, కానీ పైన వేసిన లెక్క వాటికి వర్తించదు.

కిట్టు కొని సొంతంగా సోల్డరింగ్ చేద్దామనుకునే కుర్రాళ్లకు ఒక మాట: లోపల 150 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో నిలిచే ఉంటుంది. మీటరుతో సున్నా చూసుకోకుండా వేలు పెట్టకూడదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చినదైతే అది 120 వోల్టులదో 230 వోల్టులదో ముందే చూడాలి. కొల్లేటి గాలిలో తేమకు వాల్వు కాళ్లూ సాకెట్లూ చిలుము పట్టి చిటపటలు మొదలవుతాయి, తుడిస్తే పోతాయి. ఇక వేడి. ఒక 6080 హీటరుకే 16 వాట్లు కావాలి, చెవికి చేరేది వాట్‌లో వెయ్యో వంతు. మే నెల ఏలూరులో ఫ్యాను కింద కూర్చుని ఈ పెట్టె వెలిగించేవాడికి పాట మీద నిజమైన ప్రేమే ఉండాలి. మీ దగ్గరున్నది 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ అయితే ఈ ఖర్చంతా దండగ. ఆ డబ్బుతో ముందు హెడ్‌ఫోన్ మార్చండి.