పుట్టినరోజు బంతిలో ఖాళీ విస్తరి ఉండకూడదు

బిడ్డ మొదటి పుట్టినరోజు అంటే మన పల్లెల్లో ఆ ఇంటికే కాదు, ఆ వీధికంతటికీ సంతోషమే. ఇంటి ముందు షామియానా వేస్తారు. సంఘ కాపరిగారు వచ్చి కృతజ్ఞతా కూడిక జరిపిస్తారు. పాటలు, వాక్యం, ఆశీర్వాద ప్రార్థన, కేకు కోయడం, ఆ తరువాత భోజనాలు. అంతా చూడముచ్చటగా ఉంటుంది. అయితే రెండో బంతి సగంలో అన్నం గిన్నె అడుగు కనబడితే ఆ సంతోషం అంతటితో సరి. తండ్రి తలెత్తలేడు. తల్లి వంటింట్లో కన్నీళ్లు పెట్టుకుంటుంది. విస్తరి ముందు కూర్చున్న పసివాడు మాత్రం ఎందుకు ఆలస్యమవుతోందో తెలియక అటూ ఇటూ చూస్తుంటాడు.

ఆ పసివాని కోసమే ఈ నాలుగు మాటలు.

పిలిచేటప్పుడే స్పష్టంగా చెప్పండి

పల్లెలో ఒక బిడ్డను పిలిస్తే ఒక్క బిడ్డే రాడు. అన్న వెంట చెల్లి వస్తుంది. చంకలో పసిబిడ్డతో తల్లి వస్తుంది. ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మమ్మ కూడా వస్తుంది. ఇది తప్పు కాదు, మన ఊళ్ల పద్ధతి. కాబట్టి ఎంతమంది పిల్లలను పిలిచామని కాక, ఎన్ని ఇళ్లను పిలిచాం, ఒక్కో ఇంట్లో ఎందరున్నారు అని లెక్క వేసుకోవాలి. షామియానా బయట నిలబడి చూసే పొరుగు పిల్లలను కూడా ఆ లెక్కలో చేర్చండి. వారు ఏ మతస్థుల పిల్లలైనా, ఏ వీధి పిల్లలైనా ఆకలి ఒక్కటే.

కూడిక సాయంత్రం 6 గంటలకని చెప్పినా ప్రార్థన ముగిసేసరికి 8 దాటుతుంది. అది భోజన వేళ. ఆ వేళకు పిలిచి కేకు ముక్క, గుప్పెడు మిక్చరు పెట్టి పంపితే పిల్లలు ఆకలితోనే ఇల్లు చేరతారు. ఆ పూట వారి ఇంట్లో పొయ్యి వెలిగించి ఉండరు. టీ, కేకు మాత్రమే పెట్టగల శక్తి ఉంటే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కూడిక సాయంత్రం 4 గంటలకు పెట్టుకొని, "టీ వేళకు రండి" అని ముందే చెబితే సరిపోతుంది.

బియ్యం లెక్క

బడుల్లో మధ్యాహ్న భోజన పథకం కింద ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, పై తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు లెక్కగా పెట్టారు. మన ఇంటి విందుకు కూడా ఈ లెక్క బాగా పనికి వస్తుంది. 40 మంది చిన్నపిల్లలు, 60 మంది పెద్దలు వస్తారనుకుందాం. పిల్లలకు 4 కిలోలు, పెద్దలకు 150 గ్రాముల చొప్పున 9 కిలోలు, మొత్తం 13 కిలోలు. అనుకోకుండా వచ్చేవారి కోసం మరో కిలోన్నర కలుపుకోవాలి. కాయకష్టం చేసేవారు ఎక్కువగా ఉంటే ఇంకొంచెం పెంచాలి.

కేకు విషయంలో చాలామంది పొరబడతారు. కిలో కేకును 50 గ్రాముల ముక్కలుగా కోస్తే 20 మందికే వస్తుంది. వందమందికి 5 కిలోల కేకు కొనడం అందరి వల్లా కాదు. బిడ్డ చేత కోయించడానికి చిన్న కేకు చాలు. అందరికీ పంచడానికి రవ్వకేసరి చేయించండి. కిలో రవ్వతో 40 మందికి తలా చిన్న గరిటెడు వస్తుంది.

మరొక మాట. చివరి బంతి లేచేవరకు పొయ్యి ఆర్పవద్దు. రెండు కిలోల ఉప్మా రవ్వ, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి దగ్గర ఉంచుకోండి. అన్నం తరిగిపోతున్నట్టు కనబడగానే పావుగంటలో ఉప్మా సిద్ధమవుతుంది.

మొదటి బంతి ఎవరిది?

చాలా ఇళ్లలో పెద్దమనుషులు, బంధువులు, కానుకలు తెచ్చినవారు ముందుగా కూర్చుంటారు. పిల్లలకు చివర మిగిలిన పులుసు, అడుగు మాడిన అన్నం దక్కుతాయి. పండుగ ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి! మొదటి బంతి పిల్లలది కావాలి. సంఘ కాపరిగారే ఆ మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు. కూర ముక్కలు వడ్డించే గరిటె నమ్మకమైన ఒక్కరి చేతిలో ఉంటే అందరికీ సమానంగా అందుతాయి. గిన్నెలు కడిగిన అక్కకు, షామియానా కట్టిన తమ్మునికి ముందే భోజనం తీసి పెట్టాలి.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు అయిదువేలమందికి ఆహారం పెట్టినప్పుడు ముందుగా వారిని వందేసి, యాభైయేసి మంది చొప్పున పంక్తులుగా కూర్చోబెట్టించాడు. అందరూ తృప్తిగా తిన్నాక మిగిలిన ముక్కలను ఎత్తించాడు. క్రమంగా కూర్చోబెట్టడం, మిగిలినది పారవేయకపోవడం మనం కూడా చేయగలిగినవే.

పసివారి విషయంలో జాగ్రత్త

నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పులిహోరలోని వేరుశెనగ గుళ్లు, గట్టి బిళ్లలు గొంతుకు అడ్డుపడవచ్చు. వారికోసం పలుచని పప్పన్నమో, పోపు వేయని పెరుగన్నమో విడిగా కలిపి ఉంచండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. మిగిలిన అన్నాన్ని ఆ రాత్రే పంచిపెట్టండి. వండిన అన్నం ఉక్కలో గంటల తరబడి ఉంటే అందులో పెరిగే క్రిముల విషం మళ్లీ వేడి చేసినా పోదు.

వచ్చేవారికీ బాధ్యత ఉంది

ఇంట్లో నలుగురు అదనంగా ఉంటే ముందురోజే చెప్పండి. అందరూ తినకముందే ఇంటికి గిన్నెలో కట్టించుకొని పోవద్దు. తక్కువైన ఇంటిని గురించి బావి దగ్గర, చర్చి మెట్ల మీద చెప్పుకోవద్దు. కానా విందులో ద్రాక్షారసం తక్కువైనప్పుడు యేసు తల్లి దానిని నలుగురిలో చాటలేదు, సహాయం చేయగల వాని దగ్గరకే వెళ్లింది. మీరు కూడా తక్కువవుతోందని గమనిస్తే మీ ఇంటి అన్నం గిన్నె పెరటి దారిన పంపండి.

అప్పు చేసి విందు చేయవద్దు. మైకు సెట్టు, ఫ్లెక్సీ, రంగుల తోరణాలకు పొదుపు సంఘం డబ్బు ఖర్చుచేసి, చివరకు బియ్యం దగ్గర చేయి బిగించిన ఇళ్లు లేకపోలేదు. ముందుగా అన్నానికి డబ్బు పక్కన పెట్టండి, మిగిలితేనే అలంకారం. వంద మందికి పెట్టలేకపోతే ముప్పైమందినే పిలిచి కడుపునిండా పెట్టండి. పప్పు, అన్నం, ఒక గుడ్డు ఉన్నా అది విందే.

ఈసారి మీ ఇంట కూడిక పెట్టుకునే ముందు భార్యాభర్తలిద్దరూ ఒక కాగితం తీసుకొని కూర్చోండి. ముందుగా పిల్లల పేర్లు రాయండి. బియ్యం లెక్క దాని కిందనే వేయండి.