మిగిలిపోయిన నలభై కిలోమీటర్లు



"సైకిలు మీద కన్యాకుమారి దాకా పోయివచ్చిరట గదా అయ్యగారూ, సముద్రం ఎట్లుంది?" అని సంఘములోను, బజారులోను చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. ఉన్న మాట చెప్పాలంటే మేము సముద్రమును చూడలేదు. ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా దారి మళ్లించి, విమానమెక్కి ఇంటికి వచ్చేశాము. ఎందుకు అలా చేశామో ఒక్కొక్కరికి చెప్పలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బయలుదేరినది ముగ్గురము. మేము నాగర్‌కర్నూలు నుండి మొదలుపెట్టాము. గోపాల్‌పేట మీదుగా వనపర్తి చేరి, అక్కడ పదవీ విరమణ చేసిన ఒక సారును కలుపుకొన్నాము. పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డు ఎక్కి, బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటి, ఎర్రవల్లి చౌరస్తా నుండి గద్వాలకు పోయి మూడవవానిని కలుపుకొన్నాము. ఆ తమ్మునికి ఇరవై నాలుగేండ్లు. సైకిళ్లు, మోటారుసైకిళ్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. తండ్రి లేడు. తల్లి పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి పోయి కుమారుని పెంచింది. 2016లో మన పాలమూరు జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాలైనవి గనుక, "మనం మూడు జిల్లాల జట్టు" అని సారు నవ్వేవారు.

అక్కడి నుండి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మధురై, తిరునెల్వేలి. అంతా 44వ నంబరు జాతీయ రహదారే. మొత్తము దాదాపు 1,200 కిలోమీటర్లు. తెల్లవారక ముందే లేచి, ఎండ ముదరక మునుపే సగము దూరము తొక్కి, మధ్యాహ్నము చెట్టు నీడన పడుకొని, సాయంకాలము మిగిలినది తొక్కేవాళ్లము. రెండు ఆదివారములు సైకిళ్లను ముట్టలేదు. సారుది పాత నల్ల సైకిలు. ఎత్తు వచ్చినప్పుడెల్లా దిగి నడిచేవారు. ఆయన కోసము ఆగవలసి వస్తుందని మేము మొదట లోలోపల విసుక్కున్న మాట నిజమే. తరువాత తరువాత, ఆయన దిగినచోట మేము కూడ దిగి నడవడము అలవాటైంది.

తమ్ముని ఆశ సముద్రము కాదు, విమానము. తిరుగు ప్రయాణము తిరువనంతపురము నుండి విమానములో చేయాలని మొదటి నుండి అనుకొని, ముగ్గురికి బుధవారము నాటి టికెట్లు ముందుగానే కొన్నాము. అందుకోసము అతడు సంవత్సరమంతా డబ్బు కూడబెట్టాడు. "పై నుంచి మా జూరాల కనిపిస్తదా సార్?" అని దారి పొడుగునా అడిగేవాడు. కిటికీ ప్రక్కన సీటు అతనికే అని మాట కూడ ఇచ్చాము.

సైకిలును విమానములో ఎలా తెస్తారో అతడు ముందే నేర్చుకొని మాకు చెప్పాడు. ఇది మీ పిల్లలకు ఎప్పుడైనా పనికి రావచ్చును. సైకిలు దుకాణములో పాత అట్టపెట్టె అడిగి తీసుకోవాలి. రెండు పెడళ్లు విప్పాలి. ఎడమ పెడలు మర తిరగవేసి ఉంటుంది గనుక అది విప్పడానికి గడియారపు ముల్లు తిరిగే వైపు త్రిప్పాలి. ముందు చక్రము తీసి ఫ్రేముకు కట్టి, ఫోర్కు రెండు కొసల మధ్య చెక్కముక్క బిగించాలి. హ్యాండిలు ప్రక్కకు మళ్లించాలి. టైర్లలో గాలి తగ్గించాలి. పానాలు, స్క్రూడ్రైవర్లు పెట్టెలోనే వేయాలి, చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసివేస్తారు. ఫోనుకు చార్జి ఎక్కించే పవర్ బ్యాంకు మాత్రము చేతిసంచిలోనే ఉండాలి. ఎంత బరువు, ఎంత రుసుము అనేది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు గనుక ముందే అడిగి తెలిసికొనుట మంచిది.

చివరి రోజు మంగళవారము. తిరునెల్వేలిలో చీకటి ఉండగానే బయలుదేరాము. నాంగునేరి దాటాము. గాలిమరలు వరుసలు తీరి కనబడసాగాయి. వళ్లియూరులో టీ త్రాగుచుండగా తొమ్మిది గంటలకు తమ్ముని ఫోను మ్రోగింది. ప్రక్కింటి అమ్మాయి.

"అన్నా, అమ్మ మూతి వంకర పోయింది. కుడిచెయ్యి లేస్తలేదు. మాట ముద్దగొస్తుంది. 108ల ఎక్కించి కర్నూలు తీసుకపోతున్నం."

అతడు ఫోను పెట్టి, కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇంకా నలభై కిలోమీటర్లే గదా అయ్యగారూ. రెండున్నర గంటల్ల తొక్కేస్తం. అటెన్క పోదాం. నా మూలంగ మీది పాడుగావద్దు" అన్నాడు. మేము ఏమి చెప్పాలో తోచక నిలిచిపోయాము. పదునాలుగు దినముల కష్టము మా కాళ్లలో ఉంది. ఆ క్షణమున మా మనస్సు కూడ ఆ నలభై కిలోమీటర్లను లెక్కపెట్టినదని ఒప్పుకొనవలెను.

సారు మాత్రము గ్లాసు కింద పెట్టి లేచారు. "సముద్రం యాడికి పోదు. నడువు" అన్నారు.

ఒక చిన్న సామాను బండి మాట్లాడి మూడు సైకిళ్లను ఎక్కించాము. కావల్‌కినరు వద్ద దారి రెండుగా చీలుతుంది. ఎడమకు కన్యాకుమారి, కుడికి నాగర్‌కోవిల్. బండి కుడికి తిరిగింది. బోర్డు వైపు ఎవరమూ చూడలేదు.

దారిలోనే ఫోనులో విచారిస్తే, ఆ సాయంకాలపు విమానములో రెండు సీట్లే ఉన్నవన్నారు. తమ్మునికి ఒంటరిగా విమానాశ్రయములో ఏది ఎక్కడో తెలియదు. సారే తేల్చారు. "మీరిద్దరు పొండి. మూడు సైకిళ్లకు కూడ ఒక కాపరి ఉండాలె గదా" అని నాగర్‌కోవిల్ రైల్వే స్టేషనులో దిగిపోయారు.

తిరువనంతపురము నుండి శంషాబాదుకు రెండు గంటలు కూడ పట్టలేదు. పదునాలుగు దినములు తొక్కిన దూరము! కిటికీ సీటు తమ్మునిదే. కాని అతడు ఒక్కసారి కూడ బయటికి చూడలేదు. ముందు సీటుకు నుదురు ఆనించి కూర్చున్నాడు.

అతని ప్రక్కన కూర్చున్న మాకు రైట్ సోదరులు జ్ఞాపకము వచ్చారు. విమానమును కనుగొన్న విల్బర్, ఆర్విల్ ఇద్దరూ మొదట సైకిలు దుకాణము వారే. 1892లో అమెరికాలోని డేటన్ పట్టణములో సైకిళ్లు అమ్ముతూ, బాగుచేస్తూ, తరువాత స్వంతముగా తయారుచేశారు. 1903 డిసెంబరు 17న 12 సెకండ్లు, 120 అడుగులు ఎగిరిన మొదటి విమానములో పంకాలను త్రిప్పినది కూడ సైకిలు వంటి గొలుసులే. వారి తండ్రి మిల్టన్ రైట్ బిషప్పు. ఇద్దరు కుమారులూ ఒకే ప్రమాదములో పోకూడదని, కలిసి ఎగరవద్దని తండ్రి మాట తీసుకొన్నాడు. 1910 మే 25న మాత్రము ఆయన అనుమతితో ఒక్కసారి కలిసి ఎగిరారు. ఆ దినముననే 81 ఏండ్ల ఆ తండ్రి కూడ ఆర్విల్‌తో విమానమెక్కి, ఇంకా పైకి పోనిమ్మన్నాడట. లోకమంతా ఆ బిడ్డల రెక్కలను చూస్తుంటే, తండ్రి వారు ఇల్లు చేరుటను చూచుకొన్నాడు.

మన నాగర్‌కర్నూలులో సేవ చేసిన బెర్గ్‌తోల్డ్ దొరగారి వంటి వారు 1904లో ఓడలలో వారాల తరబడి ప్రయాణించి ఈ దేశమునకు వచ్చారు. ఆ రోజులలో స్వదేశమందు తల్లి జబ్బుపడిన ఉత్తరము ఇక్కడికి చేరేసరికే ఎన్నో వారాలు గడిచేవి. మాకు ఆ ఉదయపు కబురుకు ఆ రాత్రికే చేరే భాగ్యము కలిగింది.

శంషాబాదులో కారు మాట్లాడుకొని, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా, మొదట సైకిళ్ల మీద పోయిన దారినే కర్నూలు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తల్లి కుమారుని గొంతు గుర్తుపట్టింది. ఎడమచేతితో అతని తల తడిమింది.

మేము వచ్చినందున ఆమె బ్రదికిందని చెప్పము. ఆమెను కాపాడినది ప్రక్కింటి అమ్మాయి. ఇలాంటి పక్షవాతములో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల పడితేనే మేలని డాక్టరు చెప్పారు. మూతి వంకర పోవుట, ఒక చెయ్యి లేవకపోవుట, మాట తడబడుట, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా నాటువైద్యమని, పసరని ఆలస్యము చేయక, వెంటనే 108కు ఫోను చేయండి. బిడ్డలు దూరాన ఉన్న తలిదండ్రులు మీ వీధిలో ఉంటే, ఆ బిడ్డల ఫోను నంబరు మీ వద్ద ఉంచుకొనండి. మీరు ఊరు విడిచి పోవువారైతే, మీ నంబరు పొరుగువారికి ఇచ్చి పొండి. ఆ తమ్ముడు బయలుదేరే ముందు చేసిన మంచి పని అదే.

నాలుగు దినములకు సారు రైలు పార్సెల్‌లో వేయించిన సైకిళ్లతో దిగారు. నాగర్‌కోవిల్‌కు కన్యాకుమారి ఎంతో దూరము లేదు, బస్సులో పోయి చూచి వచ్చారా అని అడిగాము. "మీరు లేకుండ నేనొక్కన్నే ఎట్ల జూస్తా?" అన్నారు.

ఇప్పుడు ఆ తల్లి కర్ర పట్టుకొని ఇంట్లో నడుస్తున్నది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు గనుక ఈ ఏడు క్రాసింగు పనికి పోలేదు. మొన్న మేము చూడబోతే, ముద్దమాటలతోనే కుమారుని మీద ఫిర్యాదు చేసింది.

"అంత దూరం బోయి సముద్రం జూడకుండ వచ్చిండు అయ్యగారూ. నేనేమన్న యాడికన్న పోతుంటినా?"

తమ్ముడు తల వంచుకొని చక్రపు పుల్లలు బిగించుకొంటున్నాడు. సారే జవాబు చెప్పారు. "వచ్చే జనవరిల నువ్వు రైల్ల రామ్మా. మేము ఆ నలభై కిలోమీటర్లు తొక్కి వస్తం. అందరం కల్సే చూద్దం."