లైనులో ఎంతమంది?



మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పళ్ళెం, గ్లాసు పట్టుకుని పరుగెత్తుతాం కదా! ముందొచ్చినవాళ్ళు ముందు, వెనకొచ్చినవాళ్ళు వెనక. కంప్యూటరులో కూడా ఇలాంటి లైను ఉంటుంది. దాన్ని క్యూ అంటారు. చేరేది వెనక కొసన, వెళ్ళేది ముందు కొస నుంచి. మధ్యలో దూరడం కుదరదు. ప్రింటరుకు పంపిన కాగితాలు ఇలాగే వరసలో ఆగి ఒక్కొక్కటే అచ్చవుతాయి.

పోయిన ఆదివారం లైను లెక్కపెట్టి, ఎన్ని గుడ్లు ఉడకబెట్టాలో వంటక్కకు చెప్పే వంతు నాది. ముందునుంచి ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంటూ పోయాను. నేను కొస చేరేలోపు ఒకరిద్దరు జరిగారు, వెనక ఇంకొందరు చేరారు. లెక్క తప్పింది. చివర నిలబడ్డ మూడో తరగతి తమ్ముడికి గుడ్డు అందలేదు. వాడు ఏమీ అనలేదు, ఉత్త పప్పన్నం తిని వెళ్ళిపోయాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

మరి కంప్యూటరు ఎలా లెక్కపెడుతుంది? చూద్దాం.

గుండ్రంగా 8 గళ్ళు గీయండి. వాటికి 0 నుంచి 7 వరకు అంకెలు వేయండి. మొదటివాడు ఉన్న గడి 'ముందు'. కొత్తవాడు కూర్చోబోయే ఖాళీ గడి 'వెనక'. ముందు 2, వెనక 6 అయితే, 6లోంచి 2 తీసేస్తే 4. అంటే 2, 3, 4, 5 గళ్ళలో నలుగురున్నారు. సరిపోయింది.

ముందు 6, వెనక 1 అయితే? 1లోంచి 6 తీసేస్తే మైనస్ 5 వస్తుంది! మైనస్ ఐదుగురు ఎక్కడైనా ఉంటారా? అందుకే 8 కలపాలి. 3 వస్తుంది. 6, 7, 0 గళ్ళలో ముగ్గురు. ఎప్పుడూ 8 కలిపి, 8తో భాగించి, శేషం తీసుకుంటే రెండు లెక్కలూ సరిగ్గా వస్తాయి.

కానీ ఒక చిక్కుంది. ముందు 3, వెనక 3 అయితే జవాబు 0. ఎవరూ లేకపోయినా అంతే, 8 గళ్ళూ నిండినా అంతే! ఎనిమిదిమంది ఆకలితో కూర్చుని ఉంటే, కంప్యూటరు "ఎవరూ లేరు" అంటుంది.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, ఎప్పుడూ ఒక గడి ఖాళీగా వదలడం. అప్పుడు ఏడుగురికే చోటు. రెండోది, లెక్క వేరుగా రాసుకోవడం. ఒకరు చేరితే 1 కలపాలి, ఒకరు వెళితే 1 తీసేయాలి. ఎంతమంది అని అడగ్గానే జవాబు సిద్ధంగా ఉంటుంది. లైను ఎంత పొడుగున్నా సరే, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టే పని లేదు. కాకపోతే ఒక్కసారి కలపడం మరిచిపోయినా ఆ తర్వాత లెక్కంతా తప్పే.

ఇప్పుడు మా జట్టు ఒక డబ్బా పెట్టుకుంది. ఒకరు లైనులో చేరితే ఒక చింతగింజ వేస్తాం, ఒకరు వడ్డన చేయించుకుంటే ఒకటి తీస్తాం. డబ్బాలో ఎన్ని గింజలుంటే లైనులో అంతమంది.

మీకో లెక్క: గళ్ళు 8, ముందు 5, వెనక 2. ఎంతమంది ఉన్నారు? సరైన జవాబు చెప్పినవాళ్ళ పేర్లు వచ్చే పత్రికలో రాస్తాం.