గల్లీ మొగ దగ్గర లెక్క

హైదరాబాద్ పాతబస్తీలో ఒక పాత దేవిడీ (పెద్ద భవంతి) కూలిందంటే ఆ చోట ఏం లేస్తుందని ఇప్పుడెవరూ అడగరు. అపార్ట్‌మెంటే. ఒక కుటుంబం, దాని బగ్గీలు వచ్చిపోయిన కమాన్ కిందినుంచే ఇకమీదట నలభై ఇళ్ల బైకులు, స్కూలు ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు తిరగాలి. పక్కింటివాళ్లు రోడ్డు చాలదంటారు. బిల్డరు అంతా రూలు ప్రకారమే ఉందంటాడు. చిత్రమేమిటంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. రూలు కొలిచేది ఒకచోట, బండ్లు ఆగేది ఇంకోచోట.

హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. స్థలానికి ఇన్ని రెట్లు మించి కట్టకూడదన్న హద్దు లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఈ రెండే ముఖ్యంగా ఎత్తును తేలుస్తాయి. 2012 నాటి జీవో 168 కూడా ఆ దారే పట్టింది. మామూలు అపార్ట్‌మెంట్‌కు సాధారణంగా 30 అడుగుల రోడ్డు, బహుళ అంతస్తుల భవనానికి కనీసం 40 అడుగులు కావాలి. ఆలోచన బాగానే ఉంది. కానీ టేపు పట్టేది ప్లాటు ముందు. అదే రోడ్డు కాస్త దూరం పోయాక ఓ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పన్నెండు అడుగులకు కుంచించుకుపోతే, బండ్లకు సంబంధించినంతవరకు దాని వెడల్పు పన్నెండే.

రోడ్డు ఇరుకైన చోట కట్టేవాళ్లు తమ వంతు జాగా వదిలి వెనక్కి జరగాలన్న నిబంధన ఉంది. నడిచి చూస్తే దాని ఫలితం తెలుస్తుంది. కొత్త ఇల్లు నాలుగడుగులు వెనక్కి, దాని పక్కన పాత ఇల్లు ముందుకి, మళ్లీ ఒకటి వెనక్కి. వదిలిన జాగాలో బైకు నిలబడుతుంది, లేదా దుకాణం మెట్లు దిగుతాయి. వరుసంతా జరిగే దాకా ఆ నాలుగడుగులు దారిగా పనికిరావు.

ఇక అసలు లెక్క. 1909లో ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త టెలిఫోన్ కాల్స్ ఎలా వచ్చిపడతాయో లెక్కగట్టాడు. అక్కడ మొదలైన క్యూల సిద్ధాంతం గల్లీ మొగకూ వర్తిస్తుంది. గల్లీలోంచి మెయిన్ రోడ్డెక్కడానికి ఒక్కో బండికి సగటున 6 సెకన్లు పడుతుందనుకుందాం. అంటే గంటకు 600 బండ్లు దాని సత్తా. బండ్లు ఒక క్రమం లేకుండా వస్తాయి కాబట్టి, గంటకు 480 వస్తున్నప్పుడే ఒక్కో బండికి మొగ దాటేసరికి సగటున 30 సెకన్లు గడుస్తాయి. అపార్ట్‌మెంట్ వచ్చి మరో 60 బండ్లు కలిస్తే అది 60 సెకన్లు. ఇంకో 30 కలిస్తే 120 సెకన్లు. బండ్లు పెరిగింది ఐదో వంతు కూడా లేదు, ఆలస్యం నాలుగింతలైంది. "ఇన్ని వందల బండ్లలో మావెన్ని?" అని బిల్డరు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. సత్తా అంచున ఉన్న రోడ్డు మీద చివరి కొన్ని బండ్లే కొంప ముంచుతాయి.

ఇక్కడ బండి అంటే ఏ బండి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల్లో కారును ఒకటిగా తీసుకుని మిగతావాటికి విలువ కట్టారు. బైకుకు అర నుంచి ముప్పావు, ఆటోకు 1.2 నుంచి 2. తోపుడు బండికి 2 నుంచి 3! మెల్లగా కదిలేది దారిని ఎక్కువసేపు ఆక్రమిస్తుంది మరి. అరటిపళ్ల బండి రెండు కార్లకు సమానమని తెలియకుండా షాలిబండలో ట్రాఫిక్ లెక్కిస్తే ఆ అంకెలు దేనికీ పనికిరావు. మంగళవారం పొద్దున పదింటికి లెక్కించినా అంతే. పాతబస్తీ రద్దీకి తనదైన గడియారం ఉంది. శుక్రవారం నమాజు వేళ, రాత్రి ఫంక్షన్ హాళ్లు విడిచే వేళ, రంజాన్ చివరి రాత్రులు.

అపార్ట్‌మెంట్లనే తప్పుపట్టి ఊరుకోలేం. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో గ్రౌండ్ ఫ్లోరు మీద ఒక అంతస్తు మించని ఇంటికి అనుమతే అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. పేదవాడికి లంచం బాధ తప్పించే మంచి ఏర్పాటది, నేను సమర్థిస్తాను. అయితే ఒకే గల్లీలో అలాంటి ఇళ్లు యాభై లేచినప్పుడు వాటన్నిటి బండ్లనూ కలిపి కూడే బాధ్యత ఎవరికీ లేదు.

దారి లెక్క బండ్లతోనే ఆగదు. 2025 మే 18 ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర ముత్యాల దుకాణాల పైనున్న ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. ఆ ఇల్లు చార్మినార్ పెద్ద రోడ్డు మీదే ఉంది, లోపలికి పోవడానికి మాత్రం ఇరుకైన మెట్ల దారి ఒక్కటే. ముందున్న రోడ్డు ఎంత వెడల్పయితేనేం?

రోడ్డునూ కట్టడాలనూ కలిపి ఆలోచించడం ఈ ఊరికి కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టిలో రోడ్డు వెడల్పు చేస్తూనే దాని వెంబడి రాతి కమాన్ల దుకాణాలు కట్టించింది. ఇప్పుడు ముందు ఇళ్లు, తర్వాత రోడ్డు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. దానికోసం దారుల్‌షిఫా నుంచి షాలిబండ దాకా దారిని 100 అడుగులకు వెడల్పు చేయడానికి నిర్ణయించిన పరిహారం గజానికి 81 వేల రూపాయలు. వంద గజాల ఇల్లు పోతే 81 లక్షలు. తాతల నాటి దుకాణం పోయినవాళ్లకు అదీ చాలదు.

కొత్త ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చే ముందు గల్లీలో అన్నిటికంటే ఇరుకైన చోటు కొలవాలి, రద్దీ వేళ అక్కడ నిలబడి బండ్లు లెక్కించాలి, ఒక ఫైరింజనును నిజంగా లోపలిదాకా నడిపి చూడాలి. వీటికి పెద్ద ఖర్చు కాదు, ఒక రోజు పని. పాతబస్తీలో ఫ్లాటు కొనబోతున్నవారికి ఒక మాట: బయానా ఇచ్చే ముందు రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్లి, ఫ్లాటు చూడకుండా గల్లీ మొగలో అరగంట నిలబడండి.