ఒక కప్పు క్రింద పెక్కు శాస్త్రాలు

సాంకేతిక విద్యాలయం అనే మాట వినగానే మన పిల్లలకు స్ఫురించేవి యంత్రాలు, వంతెనలు, చివరకు ఒక ఉద్యోగం. తల్లిదండ్రులకు మొదట స్ఫురించేది ఆ ఉద్యోగమే. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కాని అట్టి విద్యాలయాలలో జరిగిన పరిశోధనల చరిత్రను పరిశీలించిన వారికి ఒక విశేషం గోచరిస్తుంది. లోకానికి మిక్కిలి ఉపకరించిన ఫలితాలు పెక్కుసార్లు రెండు శాస్త్రాల పొలాలు కలిసే గట్టుమీద పండినవి. వరిచేను గట్టున కంది నాటుకొనే రైతుకు గట్టు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ విలువకు చక్కని నిదర్శనం స్విట్జర్లండు దేశంలో, జూరిక్ నగరంలో ఉన్న సమాఖ్య సాంకేతిక విద్యాపీఠం.

ఆ విద్యాపీఠం 1855లో ప్రారంభమైనది. కొండలూ లోయలూ నిండిన ఆ చిన్న దేశానికి రైలుమార్గాలు, సొరంగాలు, వంతెనలు నిర్మించే నిపుణులు అత్యవసరమైన కాలమది. అవసరం అంతటిదైనా, స్థాపకులు దానిని కేవలం ఇంజనీర్లను తయారుచేసే కార్ఖానాగా భావించలేదు. వాస్తువిద్యకు గాట్‌ఫ్రీడ్ సెంపర్‌ను, కళాచరిత్రకు జాకబ్ బుర్క్‌హార్ట్‌ను ఆహ్వానించారు. 1856 నుండి 1860 వరకు అక్కడ ఇటాలియను సాహిత్యం బోధించిన ఫ్రాంచెస్కో దె సాంక్టిస్ ఆ తరువాత ఇటలీ దేశానికి విద్యామంత్రి అయినాడు. తెలుగు పాఠం చెప్పుకొని బ్రదికే నావంటి వానికి ఈ సంగతి ఎంత ముచ్చట గొలుపుతుందో చెప్పనలవి కాదు. వంతెనల లెక్కలు నేర్చే విద్యార్థికి పెట్రార్కు కవిత్వాన్ని గూర్చి చెప్పే గురువు అదే ప్రాంగణంలో ఉన్నాడన్నమాట.

ఇట్టి ఇరుగుపొరుగు వలన కలిగిన మొదటి లాభం ఒక ఎముకలో కనిపించింది. కార్ల్ కుల్మన్ అక్కడ ఇంజనీరింగు ఆచార్యుడు. బరువు మోసే దూలంలోగాని, బరువులెత్తే క్రేనులోగాని ఒత్తిడి ఏయే దారుల వెంట ప్రవహిస్తుందో గీతలలో చూపించే విద్యలో ఆయన దిట్ట. హెర్మన్ ఫాన్ మేయర్ జూరిక్ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. ఆ రోజులలో ఈ రెండు సంస్థలూ ఒకే భవనంలో ఉండేవి. మనిషి తొడ ఎముక పైభాగాన్ని నిలువునా కోసినచో లోపల సన్నని ఎముక పలకలు వంపు తిరిగిన వరుసలలో అల్లుకొని కనిపిస్తాయి. మేయర్ చూపిన ఆ వరుసలలో కుల్మన్ తాను క్రేనుకు గీసే ఒత్తిడి గీతల పోలికను గుర్తించాడు. మేయర్ ఈ విషయాన్ని 1867లో ప్రకటించాడు. ఎముక తనపై పడే బరువును బట్టి తన కట్టడాన్ని దిద్దుకొంటుందనే సిద్ధాంతాన్ని 1892లో బెర్లిను వైద్యుడు జూలియస్ వోల్ఫ్ విస్తరించి వ్రాశాడు. పోలికలోని వివరాలను తరువాతి వారు సవరించినా, మూలభావం నిలిచింది. భారరహిత స్థితిలో నెలల తరబడి ఉండే వ్యోమగాముల ఎముకలు పలుచబడటానికి కారణం అదే. మేయరు కళ్ళకు అది ఎముక. కుల్మన్ కళ్ళకు అది కట్టడం. రెండు చూపులూ కలిసినప్పుడే అర్థం తేటపడింది.

ఐన్‌స్టయిన్ కథ మరింత ప్రసిద్ధం. 1895లో ఆయన ఈ విద్యాపీఠం ప్రవేశపరీక్షలో తప్పి, మరుసటి యేడు చేరి, 1900లో పట్టం పుచ్చుకొన్నాడు. ఆయన తరగతులకు ఎగనామం పెట్టినప్పుడు ఆదుకొన్నవి సహాధ్యాయి మార్సెల్ గ్రాస్‌మన్ శ్రద్ధగా వ్రాసుకొన్న నోట్సు పుస్తకాలు. పన్నెండేళ్ళ తరువాత, 1912లో, ఇద్దరూ అదే విద్యాపీఠంలో ఆచార్యులుగా కలుసుకొన్నారు. ఐన్‌స్టయిన్‌ను అప్పుడు గురుత్వాకర్షణ సమస్య వేధిస్తున్నది. దానికి తగిన గణితం ఆయన వద్ద లేదు. వంపు తిరిగిన ప్రదేశాలను వర్ణించే జ్యామితిని రీమన్ అనే జర్మను గణితజ్ఞుడు 1854లోనే ప్రతిపాదించి ఉన్నాడు. అది ఎందుకు పనికివస్తుందో అప్పుడెవరికీ తెలియదు. ఆ జ్యామితిని మిత్రునికి చూపించినవాడు గ్రాస్‌మన్. 1913లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. 1915 నవంబరులో, బెర్లినులో, ఐన్‌స్టయిన్ ఆ సిద్ధాంతాన్ని పూర్తిచేశాడు. నేడు మన చేతి ఫోనుకు దారి చూపే ఉపగ్రహాలలోని గడియారాలు భూమిమీది గడియారాల కంటె రోజుకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ తేడాను సరిదిద్దకపోతే, మనం చేరవలసిన ఇల్లు పటంలో కొద్దికాలంలోనే మరొక ఊరికి జరిగిపోతుంది.

రసాయన శాస్త్రం వైపు చూతము. సి విటమిను లోపిస్తే చిగుళ్ళు చెడి రక్తం కారే స్కర్వీ వ్యాధి పుడుతుంది. పూర్వం సముద్రయానం చేసే నావికులను వేలకొలది బలిగొన్నది అదే. 1933-34 ప్రాంతాలలో ఈ విద్యాపీఠంలో పనిచేస్తున్న తాడియుష్ రైఖ్‌స్టయిన్ ఆ విటమినును గ్లూకోజు చక్కెర నుండి తయారుచేసే మార్గం కనుగొన్నాడు. గ్లూకోజును మొదట సార్బిటాల్‌గాను, దానిని సార్బోజు అనే మరొక చక్కెరగాను మార్చాలి. ఈ రెండవ మెట్టే కష్టం. రైఖ్‌స్టయిన్ ఆ పనిని ఒక బాక్టీరియాకు అప్పగించాడు. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులను తరతరాలుగా పనిలో పెట్టుకొన్న మన వంటింటికి ఈ ఉపాయం వింత గాదు. తక్కిన మెట్లను రసాయన శాస్త్రం పూర్తిచేసింది. ఖరీదైన విటమిను కార్ఖానాలలో రాశులుగా తయారైంది.

ఇక మన కాలపు ఉదాహరణ. ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రాన్ని ఎరుగని వారు నేడు అరుదు. ఉదజని పరమాణు కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల వలె ప్రవర్తిస్తాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, అవి తమకు తగిన రేడియో తరంగాలకు మాత్రమే ప్రతిస్పందిస్తాయి. భౌతికశాస్త్రజ్ఞులు 1945-46లో కనుగొన్న సంగతి ఇది. రసాయన శాస్త్రజ్ఞుడైన రిచర్డ్ ఎర్నస్ట్, 1960ల నడుమ అమెరికాలో పనిచేస్తూ, ఒక్కొక్క తరంగాన్ని విడివిడిగా పరీక్షించే పాత పద్ధతిని మార్చాడు. వీణ తీగెలన్నిటినీ ఒక్కసారిగా మీటి, వినవచ్చిన నాదంలో ఏ తీగె పలుకు ఏదో వేరుచేసినట్టుగా, అన్ని ప్రతిస్పందనలనూ ఒక్క పెట్టున గ్రహించి గణితంతో విడదీశాడు. ఆ గణితం 1822లో ఫ్రాన్సు దేశీయుడు ఫూరియే వేడి ప్రసరణను గూర్చి వ్రాసిన గ్రంథం లోనిది; విడదీయడానికి సాధనం కంప్యూటరు. 1968లో ఎర్నస్ట్ జూరిక్ విద్యాపీఠానికి తిరిగి వచ్చాడు. ఇట్టి స్పందనలతో చిత్రం తీయవచ్చునని 1973లో అమెరికాలో లౌటర్‌బర్ చూపగా, 1975లో జూరిక్ నుండి ఫూరియే గణితంతో చిత్రం నిర్మించే పద్ధతి వెలువడింది. ఆ వ్యాసం వ్రాసిన ముగ్గురిలో ఒకరు భారతీయుడైన అనిల్ కుమార్. ఆయన తరువాత బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో దీర్ఘకాలం ఇదే రంగంలో కృషి చేశారు. జూరిక్‌లోనే కుర్ట్ వ్యూత్రిఖ్ ఈ సాధనంతో జీవకణాలలోని ప్రొటీనుల ఆకృతిని తెలుసుకొనే మార్గం వేశాడు. ఎర్నస్ట్‌కు 1991లోను, వ్యూత్రిఖ్‌కు 2002లోను నోబెల్ బహుమతులు లభించాయి.

అన్ని కథలూ ఇంత సుఖాంతాలు కావు. అన్నమే ఆహారమైన పేదపిల్లలకు ఏ విటమిను లోపించి చూపు పోతున్నదని, ఆ విద్యాపీఠంలోని ఇంగో పొట్రికుస్, జర్మనీలోని పీటర్ బయ్యర్ బృందాలు బియ్యపు గింజలోనే దానికి మూలమైన పసుపు పదార్థం తయారయ్యేటట్లు వరి జన్యువులను మార్చాయి. 2000 సంవత్సరంలో ఈ వార్త వెలువడింది. 2021లో ఫిలిప్పీన్సు దేశం దాని సాగుకు అనుమతించింది. 2024లో అక్కడి న్యాయస్థానం నిలుపుచేసింది. విత్తనంపై హక్కు ఎవరిది, పరీక్షలు చాలునా, కూరగాయలు పెట్టలేని పేదరికానికి మందు వేరే ఉన్నదికదా అనే ప్రశ్నలకు ప్రయోగశాల ఒక్కటే జవాబు చెప్పలేదు. ఇల్లలకగానే పండుగ కాదని పెద్దలు ఊరక అనలేదు. ఇక్కడ శాస్త్రజ్ఞునికి న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, రైతు మనసు ఎరిగిన పొరుగువారు కూడ కావాలి.

ఇవన్నీ విని, అందరూ అన్నీ చదవాలని నేనంటున్నట్లు ఎవరైనా తలచవచ్చు. కుల్మన్‌కు వైద్యం రాదు. గ్రాస్‌మన్ భౌతికశాస్త్రజ్ఞుడు కాడు. తన విద్యలో లోతు ఉన్నవాడే పొరుగువానికి ఇవ్వగలడు. వారికి అదనంగా ఉన్నది పొరుగువాని పనిపట్ల గౌరవం, అది అర్థం చేసికొనేపాటి పరిచయం. మన ప్రాచీనులు బహుశ్రుతుడు అనే మాటలో ఉంచిన అర్థం ఇదే: పలు విద్యలను గూర్చి విన్నవాడు.

మన పిల్లలు పదునారేండ్లకే రెండుగా చీలిపోతున్నారు. ఇంటర్మీడియట్‌లో లెక్కలు తీసికొన్న వారిలో అధికులకు ఆపై ప్రాణిశాస్త్రంతో పని ఉండదు. ప్రాణిశాస్త్రం తీసికొన్న వారిలో అధికులు లెక్కలకు నమస్కారం పెడతారు. తెలుగు ఇద్దరికీ మార్కుల లెక్కే. ఎముకను చూచి క్రేనును గుర్తించే విద్యార్థి ఈ పద్ధతిలో పుట్టగలడా? ఇది పాఠ్యప్రణాళికలు మారేదాకా ఆగవలసిన ప్రశ్న కాదు. ఉపాధ్యాయ సోదరసోదరీమణులు నెలకొక పిరియడు ఇచ్చిపుచ్చుకొనవచ్చు. ప్రాణిశాస్త్రం గదిలో లెక్కల మాస్టారు ఎముక పటం ముందు నిలబడి బరువు ఎటు దిగుతుందో గీత గీయవచ్చు. భౌతికశాస్త్రం గదిలో తెలుగు పంతులు అయస్కాంతం అనే మాటను విప్పి చెప్పవచ్చు: అయస్సు అంటే ఇనుము, కాంతం అంటే ప్రియమైనది, ఇనుముకు ప్రియమైనది అయస్కాంతం. ఆ మాట విన్న పిల్లవాడు కాగితంమీద ఇనుపరజను చల్లి, అది వంపు తిరిగిన వరుసలలో సర్దుకొంటుండగా చూచి, ఎందుకిలా అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఏ శాస్త్రానికి చెందినదో అని తర్కించక, జవాబు ఎరిగిన ఉపాధ్యాయుని గదికి వానిని స్వయంగా వెంటబెట్టుకొని వెళ్ళడం మన ధర్మం.