మెత్తబడు వేడిమి

కంసాలి బోలు నగలలో లక్క నింపుట మీరు చూచియుందురు. సెగ తగిలినప్పుడు లక్క మెత్తబడి కోరినట్లు వంగును. చల్లారినంతనే గట్టిపడి నగకు బలమిచ్చును. నేటి ప్లాస్టిక్కులలో పెక్కింటికి ఈ గుణమే కలదు. అయితే ఏది యెంత వేడికి మెత్తబడునో తెలిసికొనక వాడరాదు.

ప్లాస్టిక్కులు పాలిమరులను జాతికి చెందినవి. వాని యణువులు పొడవైన గొలుసుల వంటివి. చల్లగా నున్నప్పుడు ఈ గొలుసులు ఒకదాని నొకటి పట్టుకొని కదలకుండును. వేడి హెచ్చినకొలది పట్టు సడలును, వస్తువు మెత్తబడును. గొలుసు బిరుసైనదైనచో అందుకు హెచ్చు వేడి కావలెను. నీళ్ళ సీసాలకు వాడు పెట్ సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే సడలును. అందుచేతనే మరిగిన నీరు పోసినచో సీసా ముడుచుకొనిపోవును. మోటారుబండ్ల దీపములకు మూతగా నుండు పాలికార్బొనేటు 150 డిగ్రీల సమీపము వరకు నిలుచును.

ఒకే పాలిమరు గుణమును మార్చుటయు సాధ్యమే. పి.వి.సి. సహజముగా 80 డిగ్రీల ప్రాంతమున మెత్తబడును. నూనెవంటి కొన్ని పదార్థములను కలిపినచో అవి గొలుసుల నడుమ చేరి పట్టును సడలించును. అప్పుడది మామూలు వేడిమియందే మెత్తనై, విద్యుత్తీగలకు తొడుగగును.

ఇక చేయి విరిగిన రోగికి కట్టు అమర్చవలెననుకొందము. నూరు డిగ్రీలకు గాని మెత్తబడని పదార్థమైనచో చర్మము కాలును. నలుబదింటికే మెత్తబడునదైనచో రెంటచింతల యెండలో కట్టు జారిపోవును. పాలికాప్రొలాక్టోన్ 60 డిగ్రీల ప్రాంతమున కరగును. దాని పలకను వేడినీట ముంచి మెత్తబరచెదరు. అది గట్టిపడుటకు కొన్ని నిమిషములు పట్టును గనుక, చర్మము సహించునంత చల్లార్చి, పిమ్మట చేతికి చుట్టి ఆకృతి దిద్దెదరు.

చలిని మరచుటయు ప్రమాదమే. 1986 జనవరి 28న అమెరికాలో 'ఛాలెంజర్' అంతరిక్షనౌక బయలుదేరిన 73 సెకండ్లకే ధ్వంసమై, అందలి యేడుగురును మరణించిరి. రాకెట్టు కీళ్ళయందలి రబ్బరు వలయములు నాటి చలికి బిరుసెక్కి, సందులను వెంటనే మూయలేకపోయినవి. ఫలితముగా మండుచున్న వాయువులు వెలికి చిమ్మెను.

కావున పాలిమరు నెన్నుకొనువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ వస్తువు సహింపవలసిన మిక్కిలి వేడి యెంత? మిక్కిలి చలి యెంత? దీనిని మలచునప్పుడు ఎంత వేడి చేయవచ్చును? ఈ మూటికిని సరిపడునదే తగిన పదార్థము.