బడి కమిటీల యెన్నికలు

శాసనసభ యెన్నికలు వచ్చినచో నెలల ముందునుండియే గోడలు రంగులతో నిండిపోవును. పంచాయతి యెన్నికలకు అన్నదమ్ములు సైతము మాటలు మానుకొందురు. కాని 2024 ఆగస్టు 8వ తేదీన ఆంధ్రప్రదేశమందలి ప్రభుత్వ పాఠశాలలలో జరిగిన యెన్నికలు మన పాఠకులలో ఎందరికి జ్ఞప్తియందున్నవో చెప్పజాలము. ఆనాడు తల్లులును తండ్రులును తమ బిడ్డలు కూర్చుండు తరగతి గదులలోనే కూర్చుండి, చేతు లెత్తియో, నోటిమాటతోనో, పోటీ బిగిసినచోట చీటీలు వేసియో, తరగతికి ముగ్గురు చొప్పున యాజమాన్య కమిటీ సభ్యుల నెన్నుకొనిరి. ఆ సభ్యులు తమలో నొకరిని చైర్మనుగా నిలుపుకొనిరి. ఒక్కపూటలో పని ముగిసినది. ఊరిలోని పెద్దలు పెక్కురకు ఆ సంగతి మఱునాటికిని తెలిసియుండదు.

ఈ కమిటీ యేలికవారి దయచే వచ్చినది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టమందలి 21వ సెక్షను దీనిని విధించినది. సభ్యులలో నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. మొత్తముమీద సగము మంది స్త్రీలుండవలెను. బలహీనవర్గముల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన స్థానము లీయవలెను. పాఠశాల నడచు తీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళికను సిద్ధపఱచుట, వచ్చిన ధనము ఎట్లు వ్యయమైనదో చూచుట వీరి పనులు.

దీనిలోని క్రొత్తదనము తెలియవలెనన్న వెనుకటి సంగతి కొంత జ్ఞాపకము చేసికొనవలెను. మద్రాసు రాజధానిలో 1920 నాటి చట్టముల క్రింద పల్లెబడులు తాలూకా బోర్డుల చేతిలోను, జిల్లా బోర్డుల చేతిలోను ఉండెడివి. తాలూకా బోర్డులు 1934లో రద్దయినవి. ఆ బోర్డుల యెన్నికలలో ఓటు ఆస్తిని, పన్నును అనుసరించి వచ్చెడిది. శిస్తు కట్టువాడు బడిని శాసించెను. బడిలో బిడ్డను కూర్చుండబెట్టిన కూలివానికి మాట లేదు. నేడు ఆ తక్కెడ తలక్రిందైనది. నూఱెకరముల యాసామియైనను, తన బిడ్డ పేరు ఆ బడి హాజరుపట్టీలో లేనియెడల ఓటునకు దూరమే. ఆతని పొలమున నాట్లు వేయు తల్లి ఓటరు. ఆమె కోరినచో చైర్మను కూడ కావచ్చును.

ఇది న్యాయమే యని మా యభిప్రాయము. ఈ పత్రిక చదువువారిలో పెక్కుమందికి ఓటు లేకపోవుటకు చట్టము కారణము కాదు. తమ పిల్లలను పచ్చబస్సులలో పట్నపు బడులకు పంపినవారు ఊరిబడిపై హక్కును తామే విడిచిపుచ్చిరి. కాని ఆ హక్కును ముందువాకిట విడిచి పెరటిదారిని మరల తెచ్చుకొను ప్రయత్నములు అచ్చటచ్చట కనబడుచున్నవి. కౌలుదారును నిలబెట్టుట, పాలేరు భార్యను చైర్మను చేసి తీర్మానముల పుస్తకమును తమ యరుగుమీద వ్రాయించుట యన్నవి పల్లెల నెఱిగినవారికి వింతలు కావు. మఱికొన్ని చోట్ల ఎన్నికైనది భార్య, సభలో కూర్చుండునది భర్త. చట్టము సగము స్థానము లిచ్చినది స్త్రీకి, వేలిముద్రకు కాదు.

ఇంత శ్రమ యెందులకన్నచో, అక్కడ ధనమున్నది. సమగ్ర శిక్షా పథకము క్రింద ముప్పదిమందికి మించి నూఱులోపు పిల్లలున్న బడికి ఏటికి 25,000 రూపాయలును, వేయిమంది దాటినచోట లక్షయును నిర్ణయించిరి. అది స్వల్పమే. కాని 2019లో తల్లిదండ్రుల కమిటీల నెన్నుకొన్న పిమ్మట, ఆ యేడు నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడుల మరమ్మతులను ఆ కమిటీల ద్వారానే నడిపించిరి. మరుగుదొడ్డికి, నీటికి, ప్రహరీకి అయిన లెక్కలపై చదువురాని తల్లి సంతకము చేయవలసి వచ్చెను. ఆ లెక్కను ఆమెకు చదివి వినిపించినవారెవ్వరు? ఊరిలో పింఛను పుచ్చుకొనుచున్న ఉపాధ్యాయులు, గుమాస్తాలు, బ్యాంకి ఉద్యోగులు లేరా? ఓటు లేనివారు చేయదగిన సేవ యిచ్చట నున్నది. విద్యాదాతలను సభ్యులుగా చేర్చుకొనుటకు నిబంధనలలో అవకాశమున్నది; ఆ స్థానము కూడ లేకున్నను, నెలకొక సాయంకాలము అరుగుమీద కూర్చుండి బిల్లుల నర్థము చెప్పుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.

ఊరివారికిని, తల్లిదండ్రులకును పాలు పంచుట యెట్లన్న చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. అమెరికాలోని చికాగో నగరమున 1988లో చేసిన శాసనముచే ప్రతి పాఠశాలకు నొక స్థానిక మండలి యేర్పడెను. అందు తల్లిదండ్రులు ఆరుగురు, ఆ పేటవాసులు ఇద్దరు, ఉపాధ్యాయులు ఇద్దరు, ప్రధానాచార్యుడొకడు. 1989లో తొలి యెన్నికలు మహోత్సాహముతో జరిగినవి. తల్లిదండ్రులు ఆరు స్థానములకును, ఇతర పౌరులు రెండింటికే ఓటు వేయుట సమానత్వమునకు భంగమని 1990లో ఇల్లినాయి రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ ఏర్పాటును కొట్టివేసెను. శాసనమును సవరించి మండలులను నిలుపుకొనిరి. తరువాతి యెన్నికలలో అభ్యర్థులు తగ్గిరి. చాలచోట్ల స్థానములు ఖాళీగా నుండిపోయినవి. అయినను ఆ మండలికి ప్రధానాచార్యుని నాలుగేండ్ల ఒడంబడికపై తానే నియమించుకొను నధికార మిచ్చిరి. మన కమిటీకి అట్టి బలము లేదు. 2022లో ఆంధ్రప్రదేశమున 3, 4, 5 తరగతులను దాపునున్న ఉన్నత పాఠశాలలకు తరలించునపుడు తల్లిదండ్రులు పెక్కుచోట్ల వీథికెక్కిరేగాని, కమిటీ తీర్మానముతో దాని నాపజాలకపోయిరి. తెలంగాణమున 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షత వహించును. స్త్రీలకు పెత్తనము వచ్చుట సంతోషమే. అధ్యక్షురాలిని తల్లిదండ్రుల ఓటు నిర్ణయింపకపోవుట లోపమే.

చాల గ్రామములలో ఈ యెన్నిక ఏకగ్రీవమైనదని గర్వముగా చెప్పుకొందురు. పోటీయన్న కక్షయే యను భయము మనలను విడువలేదు. ఇద్దరు తల్లులు ఒక స్థానమునకు నిలిచి, మధ్యాహ్న భోజనములో గ్రుడ్డు దినమును తప్పక పెట్టించెదనని యొకతె, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీరు తెప్పించెదనని యొకతె చెప్పినచో ఊరికి వచ్చు నష్టమేమి? ఓడిన తల్లి మఱునాడు సభకు వచ్చి ఆ నీటి సంగతి యేమైనదని యడుగును. అడుగువారు లేని బడిలో ప్రధానోపాధ్యాయుడు ఎంత సజ్జనుడైనను ఒంటరివాడే యగును.

2024లో ఎన్నికైన కమిటీలకు రెండేండ్ల గడువే పెట్టిరి. మరల ఎన్నిక వచ్చినపుడెల్ల ముందుగా తల్లిదండ్రుల జాబితాను బడి నోటీసుబోర్డున అంటింతురు. తన పేరున్నదో లేదో ప్రతి తల్లియు చూచుకొనవలెను. అంతకంటె తక్షణము కావలసిన దొకటి కలదు. మిరపకోతల కాలమున పగలు పదునొకండు గంటలకు సభ పిలిచి, సభ్యురాండ్రు రాలేదని పుస్తకమున వ్రాయు నాచారము మానిపింపవలెను. కూలి చేయు తల్లి ఇల్లుచేరు వేళ ప్రధానోపాధ్యాయులకు తెలియనిది కాదు. సభను ఆ వేళకు పెట్టుటకు ప్రభుత్వపు జీవో యక్కఱలేదు.